ఇద్దరు నిపుణులు రెండు దూరాలు చెప్తే కమిటీ ఏం చేయాలి

సముద్ర తీరంలో కట్టడాలకు అలలు చేరే హద్దు నుంచి 50 మీటర్ల దూరం చాలని ఒక నిపుణుడు, 150 కావాలని ఇంకొకరు నివేదిక ఇచ్చారు, మా కమిటీ ఎవరిని నమ్మాలి అని అడిగారు కదా. మధ్యలో 100 అని రాజీ మాత్రం పడకండి, దానికి ఏ ఆధారమూ ఉండదు.

ముందు కోత రేటును, అంటే తీరం ఏటా ఎన్ని మీటర్లు వెనక్కి పోతోందన్నదాన్ని, ఎన్నేళ్ల లెక్క నుంచి తీశారో ఇద్దరినీ అడగండి. ఒక్క తుఫాను బీచ్ ఇసుకను లాగేస్తుంది, తర్వాత కొన్ని నెలల్లో చాలావరకు మెల్లగా తిరిగి చేరొచ్చు, కాబట్టి మూడు నాలుగేళ్ల కొలతలతో ఏదైనా నిరూపించవచ్చు. 1972 నుంచి తీసిన లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి, పాతవి అంత స్పష్టంగా ఉండవు గానీ దశాబ్దాల ధోరణి పట్టుకోవడానికి పనికొస్తాయి. పాత రేటునే ముందుకు పొడిగించారా అన్నదీ చూడండి, ఎందుకంటే 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, ఆ వేగం ఇటీవలి దశాబ్దాల్లో ఇంకా ఎక్కువైంది.

‘అలలను ఆపే గోడ కడతాం, దూరం తగ్గించండి’ అని ఎవరైనా అంటే గట్టిగా ఆపండి. గోడ వెనక స్థలం నిలవొచ్చు గానీ ముందున్న బీచ్ సన్నబడుతుంది, కోత పక్కవాళ్ల తీరానికి మారుతుంది.

ముడి డేటా బయటపెట్టమని, కట్టడానికి అనుమతి అడిగిన దరఖాస్తుదారుతో సంబంధం లేని మూడో నిపుణుడితో చూపించమని తీర్మానం చేయండి. ఎంత ప్రమాదం ఒప్పుకోవచ్చు, ఎన్నేళ్లకు అన్నది మాత్రం శాస్త్రవేత్త చెప్పేది కాదండీ, అది మీ కమిటీయే బహిరంగంగా రాసి ఇవ్వాలి.