పసుపు లైటు మీద బొట్టుబిళ్ళ

తమ్ముడూ, నీ సందేహం నా దగ్గరికి మీ నాన్నగారి ఫోనులో వచ్చింది. నేను సెలవు మీద విజయవాడ వచ్చి మూడు వారాలైంది. కార్తీక సోమవారం స్నానానికని ఆయన గుంటూరులో తెల్లవారుజామునే బయల్దేరి, దుర్గాఘాట్‌లో మునిగి, తడి తువ్వాలు భుజాన వేసుకుని పటమటలో మా ఇంటికి వచ్చారు. కాఫీ ముట్టకుండా ముందు ఫోను నా చేతిలో పెట్టారు. "మావాడి కారులో ఏదో పసుపు లైటు వెలుగుతోందట, బ్రేకులేమో చూడు బాబూ" అన్నారు. చూశాను. గుర్రపునాడా లాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. బ్రేకులు కాదండీ, టైరులో గాలి అని చెప్పాక ఆయన కాఫీ తాగారు.

ఫొటో కింద నువ్వు రాసిందీ చదివాను. కెనడాలోని ఒట్టావాలో ఇది నీ మొదటి చలికాలమని, వింటర్ టైర్లు కొంటే వాటిలోనూ గాలి ఒత్తిడి చూసే సెన్సర్లు పెట్టడానికి షాపతను 350 డాలర్లు అదనంగా అడుగుతున్నాడని, అవి లేకుండా లైటును అలా వదిలేసి నడపొచ్చా అంకుల్ అని. అంకుల్ ఏమిటయ్యా, అన్నయ్య అను చాలు.

ముందు ఒక్కటి గమనించు. బండి స్టార్ట్ చేయగానే ఆ లైటు నిలకడగా వెలుగుతోందా? లేక నిమిషమో నిమిషంన్నరో మినుకుమినుకుమని, ఆ తర్వాత వెలిగి ఉండిపోతోందా? నిలకడగా వెలిగితే గాలి తగ్గినట్టు. మినుకుమని నిలబడితే సెన్సర్ల ఏర్పాటే పనిచేయనట్టు. మొదటిదానికి ఒకటి రెండు డాలర్లు చాలు, రెండోదానికి వందల్లో వదులుతుంది. ఈ తేడా తెలియక నేను 2011లో 320 డాలర్లు తగలేశాను. అప్పుడు డాలరు ఇంచుమించు 50 రూపాయలు. 16 వేలు! మా నాన్న కొట్లో ఇద్దరు కుర్రాళ్ళ నెల జీతం.

నాన్న కొట్టంటే టైర్ల కొట్టే. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు నడిపారు. లారీ చక్రం మీద సుత్తితో ఒక దెబ్బ వేసి, చప్పుడును బట్టి గాలి చాలిందో లేదో చెప్పేవారు. ఆయన కొడుకుని కదా, టైర్ల గురించి నాకొకరు చెప్పేదేమిటని పొగరు. రోహిణి కార్తెలో కొందరు లారీ డ్రైవర్లు వేడికి టైరు పేలుతుందని గాలి కాస్త తక్కువగా కొట్టించుకునేవారు. ఆ తెలివే ఒట్టావాలోనూ చూపించాను. గాలి తగ్గిస్తే మంచులో పట్టు బాగుంటుందని ఆఫీసులో ఎవరో అన్నారు కూడా. డ్రైవరు డోరు పక్కన స్టిక్కరు మీద 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంటే, అక్టోబరులో ఒక మధ్యాహ్నం 28కి దించాను. రెండూ తప్పే. గాలి తగ్గితే టైరు ఇంకా ఎక్కువ నలిగి ఇంకా వేడెక్కుతుంది. తారురోడ్డు మీద పల్చటి మంచుకు ఆ స్టిక్కరు మీద ఉన్న అంకే సరైనది.

నేను గాలి దించిన రోజు 15 డిగ్రీలు. డిసెంబరులో ఒక పొద్దున మైనస్ 15. చలి ఐదున్నర డిగ్రీలు పెరిగినప్పుడల్లా టైరులో ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది. ముప్ఫై డిగ్రీలకు ఐదున్నర పీఎస్‌ఐ. 28లోంచి తీసేస్తే ఇరవై రెండున్నర. కారు కంపెనీ చెప్పిన ఒత్తిడి కంటే 25 శాతం తగ్గేసరికి లైటు వెలగాలని అమెరికా నిబంధన. 33కి ఆ గీత 25 దగ్గర. వెలగక ఏం చేస్తుంది?

అయితే అరగంట నడిపాక టైర్లు వేడెక్కి, గాలి పెరిగి, లైటు ఆరిపోయేది. మర్నాడు పొద్దున మళ్ళీ వెలిగేది. వచ్చిపోతోంది కాబట్టి ఇది సెన్సర్ల జబ్బే అని నాకు నేనే తేల్చుకుని గ్యారేజీకి వెళ్ళి, నాలుగూ మార్చేయమన్నాను. కాళ్ళ దగ్గరికి వచ్చిన బేరాన్ని ఎవరు కాదంటారు? కొత్తవి పెట్టి, పనిలో పనిగా గాలి 33కి కొట్టి ఇచ్చారు. లైటు మళ్ళీ రాలేదు. ఆహా, కొత్త సెన్సర్ల మహిమ అనుకున్నాను. కొట్టిన గాలి మహిమ అని తెలియడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

ఆ మొదటి చలికాలమంతా ఆల్ సీజన్ టైర్లతోనే నెట్టుకొచ్చాను. పేరులోనే అన్ని కాలాలూ ఉన్నప్పుడు ఇంకోటి ఎందుకని నా వాదన. 7 డిగ్రీల కిందికి వచ్చేసరికి ఆ రబ్బరు గట్టిపడిపోతుంది, రోడ్డు మీద మంచు ఉన్నా లేకున్నా పట్టు తగ్గుతుంది. ఫిబ్రవరిలో ఒక స్టాప్ సైను దగ్గర బ్రేకు తొక్కితే బండి ఆగకుండా నెమ్మదిగా, మర్యాదగా వెళ్ళి మంచుగుట్టలో దూరింది. బంపరుకు 600 డాలర్లు. ప్రాణాలు పోయుంటేనో అంటుంది మా ఆవిడ ఇప్పటికీ. అదీ నిజమే. నాకు మాత్రం ఆ 600 గుర్తు.

రెండో ఏడు బుద్ధి వచ్చింది కానీ సగమే వచ్చింది. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒకాయన నాలుగు వింటర్ టైర్లు, ఇనుప రిమ్ములతో సహా 200 డాలర్లకు ఇస్తానన్నాడు. ఎగిరి గంతేసి తెచ్చుకున్నాను. గీతలు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. పక్కన అచ్చేసిన డాట్ నంబరు మాత్రం చూడలేదు. దాని చివర 3804 అని ఉంది, అంటే 2004వ సంవత్సరం 38వ వారంలో తయారైనవి. ఎనిమిదేళ్ళ రబ్బరు, గోరు దిగడం లేదు. ఆటోనగర్ బిడ్డకు ఈ నంబరు తెలియకపోవడం ఏమిటని నాన్న ఫోనులో పది నిమిషాలు తిట్టారు, అదీ ఐఎస్‌డీ ఖర్చు పెట్టుకుని.

ఆ రిమ్ముల్లో సెన్సర్లు లేవు. పెట్టించనా అని అడిగితే షాపులో 280 అన్నారు. నా 320 డాలర్ల కొత్త సెన్సర్లేమో ఎండాకాలం టైర్లతో పాటు బేస్‌మెంట్‌లో హాయిగా పడుకున్నాయి. మనసొప్పలేదు. అక్కర్లేదని వచ్చేశాను. రోజూ స్టార్ట్ చేయగానే లైటు మినుకుమినుకుమనడం, తర్వాత వెలిగి కూర్చోవడం. చీకట్లో నడుపుతుంటే అది కంటికి గుచ్చుకునేది. ఒకరోజు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసి, ముదురు ఎరుపుది ఒకటి ఆ లైటు మీద సరిగ్గా అంటించాను. డ్యాష్‌బోర్డుకు కళ వచ్చిందని నవ్వుకున్నాం.

జనవరి నెలాఖరు. వెనక కుడి టైరులో మేకు దిగి గాలి కొద్దికొద్దిగా పోతోంది. సెన్సరు ఉంటే బొమ్మ వెలిగి చెప్పేది. ఉన్నా నాకు కనపడేది కాదనుకో, బొట్టు అడ్డం. ఒట్టావా శివారు కనాటా నుంచి 417 హైవే మీద వస్తుంటే బండి ఒక పక్కకు ఈడ్చింది. గాలి లేని టైరు మీద నేను అప్పటికే ఎంత దూరం వచ్చానో తెలియదు, పక్కగోడ తునకలు తునకలైపోయింది. పంక్చరుగా ఉన్నప్పుడే చూసుకుని ఉంటే 30 డాలర్లతో పోయేది. మైనస్ 22లో గంటన్నర టోయింగ్ బండి కోసం ఎదురుచూశాం, ఫోను చార్జింగు చలికి కళ్ళముందే పడిపోతోంది. టోయింగుకు 110. ఆ పాత టైరుకు జత దొరకదు, ఒకే ఇరుసు మీద రెండు రకాలు వద్దన్నారు, కాబట్టి రెండు కొత్తవి, బిగింపుతో కలిపి 290. మిగిల్చింది 280, పోగొట్టింది 400. ఆ రాత్రి బొట్టుబిళ్ళ తీసేశాను. జిగురు మరక బండి అమ్మేదాకా పోలేదు.

అందుకని నీకు చెప్పేది, ఆ 350 పెట్టెయ్. అయితే కళ్ళు మూసుకుని కాదు. మొదట నీ కారులో అసలు ఏ రకమో తెలుసుకో. కొన్ని కార్లలో ప్రతి చక్రం లోపలా వాల్వుకు అతికి ఒక చిన్న సెన్సరు ఉంటుంది. బ్యాటరీతో పనిచేసి రేడియోలో కారుకు కబురు పంపుతుంది. కొన్నింట్లో చక్రంలో ఏమీ ఉండదు. గాలి తగ్గిన చక్రం చుట్టుకొలత తగ్గి మిగతావాటి కంటే వేగంగా తిరుగుతుంది కదా, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఆ తేడాను లెక్కగట్టి చెబుతుంది. ఈమధ్యకాలపు హోండా సివిక్ ఈ రెండో రకమే. ఈ రకానికి టైర్లు మార్చాక గాలి సరిచేసి, మెనూలో కాలిబ్రేషన్ నొక్కితే సరి, పైసా ఖర్చు లేదు. ఈ రకం కారువాడికి కూడా సెన్సర్లు కావాలా అని అడిగే షాపులున్నాయి, అందుకే మాన్యువల్ ముందు చదువు. కెనడాలో ఈ ఏర్పాటు తప్పనిసరి కాదు, అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు తప్పనిసరి. అందువల్ల ఒకే మోడల్లో ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు.

నీది మొదటి రకమైతే షాపతన్ని రెండు ప్రశ్నలడుగు. ఆ 350లో సెన్సర్లను కారుకు పరిచయం చేసే పని కూడా కలిసిందా? నీ పాత సెన్సర్ల నంబర్లే కొత్తవాటిలోకి కాపీ చేయగలరా? అలా చేస్తే కారుకు ఏ జత తగిలించినా తేడా తెలియదు, ఏటా రెండుసార్లు ప్రోగ్రామింగ్ డబ్బులు కట్టే బాధ ఉండదు. కొన్ని కార్లు కాసేపు నడిపితే తమంతట తామే కొత్త నంబర్లు నేర్చుకుంటాయి, వాటికి ఈ గొడవే లేదు. వాడిన సెన్సర్లు చౌకగా ఇస్తామంటే తీసుకోకు. లోపలి బ్యాటరీ ఐదు నుంచి పదేళ్ళు వస్తుంది, అయిపోతే మార్చడానికి వీలుండదు, మొత్తం పారేయాల్సిందే.

టైర్లు విడి రిమ్ముల మీదే కొను. ఉన్న రిమ్ముల మీదే ఏటా టైర్లు ఊడదీసి ఎక్కిస్తే, ఆ కూలీ మూడు నాలుగేళ్ళలో రిమ్ముల ధర దాటుతుంది. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. ముందు రెండింటికే చాలని ఎవరైనా అంటే వినొద్దు, నాలుగూ ఉండాలి, లేకపోతే వెనకభాగం జారి బండి గిర్రున తిరుగుతుంది. మూడు శిఖరాల కొండ మీద మంచురేకు బొమ్మ ఉన్నవి చూసి తీసుకో. బిగించాక ఓ వంద కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్ళీ చూపించు.

నట్లంటే ఇంకో అవమానం గుర్తొచ్చింది. 2015లో ఇక్కడికి వచ్చినప్పుడు ఆటోనగర్‌లో మెరిసే ఇత్తడి వాల్వు మూతలు నాలుగు కొనుక్కెళ్ళాను, జత 40 రూపాయలు. అక్కడి ప్లాస్టిక్ మూతలు చూస్తే దిగులేసేది. రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఇత్తడీ సెన్సరు అల్యూమినియం వాల్వూ ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. గ్యారేజీలో పట్టకారుతో తిప్పితే మూతతో పాటు వాల్వూ విరిగింది, దానికి అతికిన సెన్సరూ పోయింది. 80 రూపాయల సోకుకు 90 డాలర్లు. ప్లాస్టిక్ మూతే పెట్టుకో.

రూల్సంటావా, క్యూబెక్ నంబరు ప్లేటు బండ్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. నదికి అవతల గాటినోలో ఇల్లు తీసుకునే ఆలోచన ఉంటే గుర్తుంచుకో. మీ ఒంటారియోలో తప్పనిసరి కాదు, కానీ వేయించుకుంటే ఇన్సూరెన్సులో తగ్గింపు ఇవ్వాలి. నేను ఆ సంగతి రెండేళ్ళు అడగలేదు, ఎవరూ పిలిచి చెప్పరు. రేపే ఫోను చేసి అడుగు. మిగతావి ప్రభుత్వ సైటులో చూసుకోవచ్చు.

షాపు అపాయింట్‌మెంటు మాత్రం ఇవాళే తీసుకో. నిజానికి అక్టోబరులోనే తీసుకోవాల్సింది. మొదటి మంచు పడ్డ రోజున టైర్ల షాపుల దగ్గర రద్దీ, సంక్రాంతి ముందు రోజు మన పండిట్ నెహ్రూ బస్టాండులా ఉంటుంది.

అది కుదిరేలోగా 15 డాలర్లు పెట్టి గాలి చూసే గేజి కొనుక్కో. రేపు పొద్దున బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే నాలుగూ చూడు. టైరు పక్కన అచ్చేసిన పెద్ద అంకె కాదు, అది టైరు తట్టుకునే గరిష్ఠం, డోరు స్టిక్కరు మీదిదే మనకు కావాల్సింది. నాలుగూ ఒకేలా తగ్గి ఉంటే చలి వల్లే, గాలి కొట్టించు, పెట్రోలు బంకులో నాణెం వేస్తే వస్తుంది. ఒక్కటే బాగా తగ్గి ఉంటే మేకో మరోటో, గాలి ఎక్కడో పోతున్నట్టే, ఆ టైరు మీద ఆఫీసుకు వెళ్ళొద్దు. నాలుగు అంకెలూ ఏ చక్రానిదేదో రాసి నాకు పంపు. మీ నాన్నగారు గుంటూరు చేరి ఇప్పటికే రెండుసార్లు ఫోను చేశారు.