బొమ్మల మీద నేర్చుకున్న నర్సు చేత సూది వేయించుకోవచ్చా?

ప్రశ్న అడిగినాయన వాళ్ళమ్మాయిని నర్సింగ్‌లో చేర్పిద్దామని కాలేజీ చూడడానికి వెళ్ళారట. ల్యాబ్ నిండా ప్లాస్టిక్ బొమ్మలే కనిపించాయట. ఈ బొమ్మల చదువు ఎప్పుడు మొదలైంది, దీంతో అసలు పని వస్తుందా అని ఆయన అనుమానం.

నేను విశాఖపట్నంలో ముప్ఫై ఏళ్ళకు పైగా స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. పని వస్తుందండీ, బొమ్మని బీరువాలోంచి బయటికి తీస్తే. దాని సంగతి తర్వాత చెప్తాను.

మా రోజుల్లో స్కూల్లో ఒకే ఒక్క బొమ్మ, అదీ ఒక చెయ్యి ఊడిపోయినది. దాన్ని మంచం మీద పడుకోబెట్టి, పేషెంట్‌ని కదపకుండా దుప్పటి మార్చడం నేర్పేవారు. కండకి ఇంజెక్షన్ నేర్చుకోవడానికి బత్తాయికాయ. సిరంజిలో నీళ్ళు నింపి బత్తాయిలోకి ఎక్కించడం, అయ్యాక ఆ కాయని ఎవరో ఒకరు తినేయడం (ఒకసారి నేనే తిన్నాను, ఏమీ కాలేదు). నరానికి సూది పెట్టడానికి మాత్రం ఏమీ లేదు. దానికి జనరల్ వార్డే గతి.

1987 ఎండాకాలం, ఫిమేల్ మెడికల్ వార్డు. ఆస్పత్రి పేరు వద్దు. భీమిలి వైపు నుంచి ఒక ముసలమ్మని తెచ్చారు, రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. ఒంట్లో నీళ్ళు లేకపోతే నరాలు ఎలా ఉంటాయో ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు, అణిగిపోయి దారప్పోగుల్లా ఉంటాయి. పైగా ముసలి చర్మం, సూది ముట్టుకోగానే నరం పక్కకి జారిపోతుంది. నైట్ దిగిపోతున్న సీనియర్ సిస్టర్ రెక్కల సూది నా చేతిలో పెట్టి, "సెలైన్ పెట్టేసెయ్" అని వెళ్ళిపోయింది. అంతే నాకు ఇచ్చిన ట్రైనింగ్. అంతకుముందు ఇద్దరికి పెడుతుంటే పక్కన నిలబడి చూశాను, చూస్తే వచ్చేసినట్టే లెక్క.

నరం పైకి తేలాలని పాత గ్లవ్ ముక్కతో చెయ్యి కట్టాను. మొదటిసారి నరం తగల్లేదు. రెండోసారి తగిలింది కానీ అవతలికి పొడిచేశాను, చూస్తుండగానే అక్కడ నేరేడుపండంత ఉబ్బు లేచింది. నా చెమట ఆమె చేతి మీద పడుతోంది. ఆమె నన్నే చూస్తూ, "ఏటి పాపా, సెయ్యలా వణుకుతంది? సూది నాకు కదా" అంది. సారీ మామ్మా అన్నాను. "పరవానేదు, ఇంకో సెయ్యుంది కదా" అని రెండో చెయ్యి తనే చాపింది. ఆ చెయ్యి మీద మూడోసారి కూడా తప్పాను.

అప్పటిదాకా గచ్చు తుడుస్తున్న ఆయా కర్ర గోడకి ఆనించి వచ్చింది. "కట్టీసి పొడిసేస్తే దొరుకుద్దేటమ్మా? సెయ్యి మంచం కిందకి ఏలాడదియ్యి, గోరెచ్చటి నీళ్ళ గుడ్డ ఎయ్యి, కాసేపు ఆగు" అంది. ఆగాను. మణికట్టు పైన సన్నగా నీలం గీత తేలింది. "ఇప్పుడు కింద నుంచి బొటనవేలితో తోలు లాగి పట్టుకో, జారదు." లాగి పట్టుకున్నాను. లోపల ఎక్కడో చిన్నగా 'టప్' అన్నట్టు అయింది, ట్యూబులోకి ఎర్రగా రక్తం ఎక్కింది. నాకు ఏడుపొచ్చేసింది. ముసలమ్మ మూడు రోజులకి ఇంటికి వెళ్ళిపోయింది. నాకు ఆ పని నేర్పింది ట్యూటర్ కాదు, వార్డు ఆయా, ఆ ముసలమ్మ చేతులూ. అప్పట్లో మా బొమ్మలు వీళ్ళే, డబ్బుల్లేక జనరల్ వార్డుకొచ్చిన మనుషులు. స్పెషల్ రూముల వాళ్ళ చేతుల మీద ఎవ్వరూ నేర్చుకోలేదు, రాసిస్తాను కావాలంటే.

అందుకే బొమ్మలంటే ఎగతాళి చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇదేదో నిన్న మొన్నటి కార్పొరేట్ కాలేజీల ఫ్యాషన్ అనుకుంటారు. ఫ్రాన్స్‌లో అంజెలిక్ దు కూద్రే అని ఒక మంత్రసాని ఉండేది, గుడ్డా తోలూ కుట్టి, దూది కుక్కి, కాన్పు నేర్పే బొమ్మ తయారుచేసింది. 1759లో రాజు పదిహేనో లూయీ ఆమెకి అధికారం రాసిస్తే, పాతికేళ్ళపాటు ఊరూరా తిరిగి పల్లెటూరి ఆడవాళ్ళకి ఆ బొమ్మ మీదే కాన్పులు నేర్పింది. ఇక మా నర్సుల బొమ్మకి పుట్టిన సంవత్సరం 1911. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రి నర్సింగ్ స్కూలు వాళ్ళు, ఆడుకునే బొమ్మలు చేసే మార్తా చేజ్ చేత నిలువెత్తు బొమ్మ చేయించుకున్నారు. దానికి 'మిసెస్ చేజ్' అనే పేరు స్థిరపడిపోయింది. మా చెయ్యి ఊడిన బొమ్మ ఆవిడ వంశమే. నోట్లోకి ఊపిరి ఊదడం, ఆగిన గుండెని నొక్కడం నేర్పే బొమ్మ ఆనీ 1960లో వచ్చింది, చేసింది నార్వేలో బొమ్మల వ్యాపారి ఆస్మండ్ లేర్డాల్. చూశారా, ఈ ముగ్గురూ బొమ్మలు చేసేవాళ్ళో మంత్రసానులో, ఒక్కరూ పెద్ద డాక్టరు కాదు. మన దేశంలో ఎంబీబీఎస్ వాళ్ళకి ఇలా బొమ్మల మీద పని నేర్పే స్కిల్స్ ల్యాబ్ తప్పనిసరి అయ్యింది 2019 కొత్త సిలబస్‌తో.

ఇప్పుడు బీరువా సంగతి. మా కాలేజీలో సూది పెట్టడం నేర్చుకునే రబ్బరు చెయ్యి ఉంది, లోపల గొట్టాలు, వాటిలో ఎర్రనీళ్ళు. తాళం ఒకరి దగ్గర, సంతకం ఇంకొకరిది. ఇన్‌స్పెక్షన్ అంటే మాత్రం తెల్లారేసరికి బల్ల మీద ఉంటుంది, బ్రోచర్‌లో ఫొటో కూడా దానిదే. పాడైపోతుందని దాస్తారు, సముద్రపు గాలికి ఆ బీరువాలోనే రబ్బరు జిగురెక్కిపోతోంది. తీరా ఇచ్చిన రోజున చూస్తే, పాత బ్యాచ్‌లు పొడిచిన చోటే చిల్లులు, పిల్లలందరూ అదే చిల్లులోంచి సూది దూర్చి "వచ్చేసింది మేడమ్" అంటారు. నరం వెతకాలి కదే తల్లీ! బొమ్మకి నరం జారదు, ఒళ్ళు చల్లబడదు, "ఏటి పాపా" అని అడగదు. అయినా సరే, చెయ్యి వణుకు అక్కడ పోగొట్టుకుని వార్డుకి వస్తే చాలు, మిగతాది వార్డు నేర్పుతుంది.

పోయిన మార్గశిరంలో తాళం కోసం రాసిన లెటర్‌కి వారం గడిచినా జవాబు రాలేదు. సుశ్రుతుడు తన శిష్యుల చేత కోత గుమ్మడికాయ, ఆనపకాయ, దోసకాయల మీద, నరం పొడవడం చచ్చిన జంతువుల నరాల మీద, కలువ కాడల మీద చేయించమన్నాడని చదివింది గుర్తొచ్చింది. గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళినప్పుడు, బయట పూలమ్మి దగ్గర కాడలు పొడుగ్గా ఉన్న కలువలు ఏరి కట్ట కొన్నాను. "పూజకి ఇంత కాడేటమ్మా" అని ఆవిడ నవ్వింది. మర్నాడు క్లాసులో కాడలు కోసి, తడిగుడ్డ కింద చుట్టి, పైనుంచి తడిమి వెతకమన్నాను. బొటనవేలితో లాగి పట్టుకోకపోతే కాడ పక్కకి జారుతుంది, అచ్చం ముసలమ్మ నరంలాగే. సూది దిగినప్పుడు ఆ చిన్న 'టప్' కూడా తెలుస్తుంది. అరగంటలో నలభై మందీ పొడిచారు. పూలు పారేస్తుంటే ఒక పిల్ల ఆపి, హాస్టల్లో దేవుడి పటానికి పట్టుకెళ్ళింది.