దూలపల్లి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేఘనకు మామయ్య ఆశీస్సులు.

దూలపల్లి అటవీ జీవవైవిధ్య సంస్థలో నీకు సమ్మర్ ఇంటర్న్‌షిప్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆమె టెన్షనంతా పాముల గురించే. నాకు మాత్రం నీ నోటుబుక్కు గురించి బెంగ.

అది రాష్ట్ర అటవీ శాఖ ఆఫీసు కాదు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన మండలి కింద నడిచే కేంద్ర సంస్థ. అడవేమో రాష్ట్ర శాఖ చేతిలో ఉంటుంది. అందుకే అమ్రాబాద్ పులుల అభయారణ్యానికో కవ్వాల్ పులుల అభయారణ్యానికో పంపుతామని అంటే, పర్మిషన్ కాగితం వచ్చిందా అని మొదటి వారంలోనే అడుగు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యంలోకి పరిశోధనకు వెళ్లాలన్నా అనుమతి ఉండాల్సిందే. ఆ కాగితం ఆలస్యమై, సగం ఇంటర్న్‌షిప్ కుర్చీలోనే గడిపిన పిల్లల్ని చూశాను. నీకూ అలాగే అయితే ఊరికే కూర్చోకు. క్యాంపస్ చెట్ల మీదే కొలతలు ప్రాక్టీస్ చెయ్యి, హెర్బేరియం షీట్లు, అంటే ఎండబెట్టిన మొక్కల్ని అతికించి పెట్టిన కాగితాలు, తిరగెయ్యి.

రెండు నెలల్లో ఎవరూ పరిశోధన పూర్తి చేయలేరు. నీ వల్ల అయ్యేది ఒకటుంది. నువ్వు కొలిచిన చెట్టు దగ్గరికే ఐదేళ్ల తర్వాత ఇంకొకరు వెళ్లి, నువ్వు కొలిచిన చోటే మళ్లీ టేపు పెట్టగలగాలి. అడవి పెరుగుతోందా తరుగుతోందా అన్నది తెలిసేది ఆ రెండు అంకెల తేడాలోనే.

చెట్టు చుట్టుకొలతను ఛాతీ ఎత్తులో తీసుకోవాలని పుస్తకంలో చదివే ఉంటావు. ఎవరి ఛాతీ? ఆ తగాదా లేకుండా మన దేశంలో 1.37 మీటర్లని ఖాయం చేశారు. సరిగ్గా అంత పొడవున్న వెదురు కర్ర దగ్గర పెట్టుకో. మానుకు ఆనించి నిలబెట్టి, పైకొస దగ్గర టేపు చుట్టు. నేల ఏటవాలుగా ఉంటే ఎగువ వైపు నుంచి కొలవాలి. ఆ ఎత్తుకు కిందే మాను రెండుగా చీలితే రెండు కొలతలూ విడివిడిగా రాయాలి. తీగ అల్లుకుని ఉంటే టేపును దాని కింద నుంచి పోనియ్యి. చెట్టు వెనక టేపు జారి వేలాడుతుంటుంది, ముందు నిలబడ్డవాళ్లకు కనబడదు. అందుకే అంకె చదివే ముందు ఒక చుట్టు తిరిగి రా. నల్లమద్ది దగ్గర ఇంకా జాగ్రత్త. దాని బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది, టేపు ఆ అంచుల మీదే నిలుస్తుంది. గట్టిగా లాగి పలకలు రాల్చకు.

కాలమ్ పైన చుట్టుకొలతో వ్యాసమో, ఏ యూనిట్లో తప్పకుండా రాయి. 63 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న మాను వ్యాసం 20 సెంటీమీటర్లు. ఎవరైనా ఆ 63నే వ్యాసమనుకుని ఎక్సెల్‌లో కొట్టారనుకో, మాను అడ్డుకోత వైశాల్యం దాదాపు పదింతలవుతుంది. ప్లాటు, అంటే కొలతల కోసం గుర్తు పెట్టుకున్న అడవి ముక్క, 31.6 మీటర్ల చదరమైతే హెక్టారులో పదో వంతు, కాబట్టి హెక్టారు లెక్క కోసం దాన్ని మళ్లీ పదితో గుణిస్తారు. అంతే, మన ఎండు టేకు అడవి కాగితం మీద అమెజాన్ అయి కూర్చుంటుంది!

ఎండాకాలం కాబట్టి చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. మోడుకు ఫొటో తీసి ఫోన్ యాప్‌కి చూపిస్తే అది నోటికొచ్చిన పేరు చెబుతుంది. దాన్ని నమ్ముకోకు. బెరడు చూడు, కింద రాలిన కాయలు, ఎండుటాకులు ఏరి చూడు. నల్లమద్ది ఆకు దొరికితే తిరగేసి తొడిమ దగ్గర నడిమి ఈనె మీద చూడు, చిన్న గ్రంథులు కనిపిస్తాయి. టేకు లేతాకును వేళ్ల మధ్య నలిపితే ఎర్రరంగు అంటుతుంది.

అంతకంటే తేలిక దారి, వెంట వచ్చే వాచర్‌ను, అంటే అడవి కాపలా మనిషిని, అడగడం. అమ్రాబాద్‌లో చెంచులు, కవ్వాల్ వైపు గోండులు ఉంటారు. తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి పెరిగినవాళ్లు. వాళ్లను పేరు పెట్టి పిలవకు, ‘అన్నా’ అను. చెట్టుకు వాళ్లు చెప్పిన పేరు అక్కడికక్కడే రాసుకో, లాటిన్ పేరు సాయంత్రం చూసుకోవచ్చు. ఫలానా వ్యక్తి గుర్తుపట్టాడని కూడా రాయి. రిపోర్టు చివర గైడ్‌కు ఒక పేజీ కృతజ్ఞతలు రాసి, వాచర్‌ను ‘తదితరులు’లో కలిపేసే అలవాటు నాకు అస్సలు నచ్చదు.

నమూనాలు సేకరిస్తే పువ్వు రంగు అప్పుడే రాయి, ఎండాక అది నిలవదు. మొక్కల్ని నొక్కి ఎండబెట్టే ప్రెస్‌లో న్యూస్‌పేపర్లు రోజూ మార్చు. జూన్‌లో వాన మొదలైతే రోజుకు రెండుసార్లు మార్చినా నష్టం లేదు, లేకపోతే బూజు పడుతుంది.

పెన్సిల్‌తోనే రాయి, చెమటకు ఇంకు అలుక్కుపోతుంది. తప్పు పడితే రబ్బరు వాడకు, ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయి. రోజూ సాయంత్రం పేజీలకు ఫొటో తీసి గైడ్‌కు పంపు. అడక్కపోయినా పంపు.

ఇక మీ అమ్మ కోసం: ఫుల్ హ్యాండ్స్ కాటన్ చొక్కా, బూట్లు, నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పొద్దున్నే మొదలుపెట్టి, పదకొండు లోపు ఫీల్డ్ పని ముగించు. గడ్డిలో తిరిగొచ్చాక గోమార్లు ఏమైనా పట్టాయేమో చూసుకో. చాలా పాములు నీ అడుగుల చప్పుడుకే తప్పుకుంటాయని చెప్పు, కాస్త కుదుటపడుతుంది.

టేపు కొనకు, నా దగ్గరుంది. వెళ్లేలోపు ఆదివారం వచ్చి తీసుకెళ్లు. మొదటి సెంటీమీటరు అరిగిపోయింది, కాబట్టి సున్నా దగ్గర కాకుండా 10 దగ్గర పట్టుకుని, వచ్చిన అంకెలోంచి 10 తీసెయ్. ఆ సంగతి నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసుకో.

మీ మామయ్య