గూగుల్‌లో నా పేరు కొడితే నేనే ముందు రావాలంటే ఏం చేయాలి?

మీ పేరుతో చాలామంది ఉన్నారు, వెతికితే వాళ్ళే వస్తున్నారు, మీరు ముందు రావాలంటే ఎలా అని కదా అడిగారు. నా పేరు శ్రీనివాసరావు. ఇంతకన్నా చెప్పక్కర్లేదనుకుంటా. కోట శ్రీనివాసరావు గారు, సింగీతం శ్రీనివాసరావు గారు, గంటా శ్రీనివాసరావు గారు, ఆ పైన శ్రీరంగం శ్రీనివాసరావు అంటే సాక్షాత్తూ శ్రీశ్రీ, ఇంతమందిని దాటుకుని గుంటూరులో ఇళ్ళకి స్ట్రక్చరల్ డిజైన్లు గీసుకునే నేను పైకి రావాలి. రాను. వచ్చే అవసరం కూడా లేదు, ఎందుకంటే నాతో పనున్న వాళ్ళెవరూ ఉత్త శ్రీనివాసరావు అని కొట్టరు. ఏ మేస్త్రీయో నా పేరు చెప్తాడు, వాళ్ళు ఇంటికెళ్ళి ఫోన్ తీసి పేరు, పక్కన ఇంజనీర్, ఆ పక్కన గుంటూరు అని కొడతారు. నేను ముందుండాల్సింది అక్కడ. ఇప్పుడు అక్కడ నేనే ముందు వస్తున్నాను, ఇంటిపేరుతో కలిపి కొట్టినా వస్తున్నాను. అలా ఎలా వచ్చిందో చెప్తాను, మీ పనికీ మీ ఊరికీ తగ్గట్టు మార్చుకోండి.

మొదట ఒక సంగతి. మీ ఫోన్లో మీ పేరు మీరే కొట్టి చూసుకుని సంబరపడొద్దు, బాధపడొద్దు. మీరు లాగిన్ అయి ఉంటారు, మీ పేజీ మీరే పదిసార్లు తెరిచి ఉంటారు, మీరున్న ఊరు గూగుల్‌కి తెలుసు, వాటిని బట్టి వచ్చే ఫలితాలు కొంత మారతాయి. ఇన్‌కాగ్నిటోలో చూడండి, అక్కడ కూడా ఊరు తెలుస్తూనే ఉంటుంది కాబట్టి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాన్నో స్నేహితుణ్ణో కొట్టి స్క్రీన్‌షాట్ పంపమనండి. అదీ అసలు లెక్క.

ఇక పేరు. మన తెలుగువాళ్ళకి పెద్ద చిక్కు ఇక్కడే. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా, ఆఫీసులో పేరు ముందు ఇంటిపేరు వెనక, ఫేస్‌బుక్‌లో ఇంటిపేరే ఉండదు. అమెరికా వెళ్ళిన మనవాళ్ళని అడగండి, పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినందుకు వీసాలో మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని పడి, వాళ్ళు ఏళ్ళ తరబడి ఎన్ని తిప్పలు పడతారో చెప్తారు. దీనికి తోడు ఇంగ్లీషు స్పెల్లింగు. శ్రీనివాస్‌లో ఎస్ తర్వాత హెచ్ పెడతారా, ఒక ఐ పెడతారా, రెండు ఈలు పెడతారా? లక్ష్మిలో ఎక్స్ పెడతారా, కేఎస్‌హెచ్ పెడతారా? చౌదరిలో డబ్ల్యూనా, యూనా? గూగుల్ కొన్నిటిని కలిపి చూస్తుంది, కొన్నిటిని చూడదు, దాన్ని నమ్ముకుని కూర్చోలేం. అందుకని ఒక్క రూపం ఎంచుకోండి, వీలైతే ఇంటిపేరు పూర్తిగా ఉన్న రూపం, ఎందుకంటే మిమ్మల్ని మిగతా అందరి నుంచీ విడదీసేది అదే. విజిటింగ్ కార్డు మీద, లింక్డిన్‌లో, వాట్సాప్ బిజినెస్‌లో, వ్యాసం కింద, ఎక్కడైనా సరే అదే రూపం, అదే స్పెల్లింగు. న్యూమరాలజీ ప్రకారం మధ్యలో ఇంకో "ఏ" అక్షరం పెట్టుకుంటానంటే మీ ఇష్టం, కానీ పెట్టుకున్నాక మళ్ళీ మార్చకండి.

సొంత సైటు పెట్టుకోవాలా అంటే పెట్టుకోండి. మీ పేరుతో డాట్ ఇన్ డొమైన్, అంటే సైటు అడ్రసు, దొరికితే ఏడాదికి వెయ్యి రూపాయలకి అటూ ఇటుగా అవుతుంది. పేజీలు ఎక్కువ అక్కర్లేదు. పేజీ టైటిల్‌లో మీ పేరు, పని, ఊరు ఉండాలి. హోమ్ అని, వెల్‌కమ్ అని పెట్టే వాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. "నా గురించి" అనే పేజీలో మామూలు వాక్యాల్లో మీరెవరో రాయండి, ఎక్కడ చదివారు, ఏం చేస్తారు, ఏ ఊరు. ఒక ఫోటో పెట్టండి, ఆ ఫైలు పేరు కెమెరా ఇచ్చిన నంబరు కాకుండా మీ పేరే పెట్టండి. మెటా కీవర్డ్స్ అని, పేజీ వెనక కోడ్‌లో మాటలు పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి, ర్యాంకింగ్ కోసం వాటిని తాను పట్టించుకోనని గూగుల్ 2009లోనే చెప్పేసింది. స్కీమా అని ఒకటుంది, గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011లో మొదలుపెట్టిన పద్ధతి, పేజీ వెనక కోడ్‌లో "ఇది ఫలానా మనిషి, ఇతని లింక్డిన్ ఇది, యూట్యూబ్ ఇది, ఇతని పేరు ఇంకోలా కూడా రాస్తారు" అని యంత్రానికి అర్థమయ్యేలా చెప్పొచ్చు. దీనితో ర్యాంకు పెరుగుతుందని అనను, కానీ అదే పేరున్న వాళ్ళని మీ నుంచి విడిగా గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ఆ తర్వాత సైటు ఉన్నవాళ్ళ కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో మీ సైటు చేర్చండి, ఉచితమే. జనం ఏ మాటలు కొట్టి మీ దాకా వచ్చారో అందులో కనిపిస్తుంది. మరీ అరుదుగా కొట్టే మాటల్ని అది దాచిపెడుతుంది కాబట్టి మొదట్లో ఖాళీగా ఉందని టెన్షన్ పడకండి. నాకు అందులోనే తెలిసింది, నా పేరు పక్కన జనం కొట్టే మాట "స్ట్రక్చరల్ ఇంజనీర్" కాదు, "ప్లాన్ ఇంజనీర్" అని. ఆ మాట కూడా పేజీలో చేర్చాను.

సైటు కుదురుకునే లోపు లింక్డిన్ ప్రొఫైలు ముందు వస్తుంది. పెద్ద సైటు కాబట్టి దాని బలం మీకు ఊరికే దొరుకుతుంది. అక్కడ మీ లింకు చివర అంకెలు ఉంటే తీసేసి పేరు మాత్రమే ఉంచుకోవచ్చు. జనం నేరుగా వచ్చి కలిసే పని అయితే గూగుల్ మ్యాప్‌లో మీ ఆఫీసు కనిపించేలా చేసే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తప్పనిసరి. 2020లో గూగుల్ పీపుల్ కార్డ్ అని మన దేశంలోనే మొదట తెచ్చింది, పేరు వెతికితే వివరాలు కనిపించేలా ఎవరైనా తన కార్డు తానే పెట్టుకోవచ్చని. దాన్ని ఎత్తేశారు. యూట్యూబ్‌లో ఆ పాత వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి, వాటి వెంట పడకండి.

ఇవన్నీ మన చేతిలో ఉన్నవి. అసలు కథ వేరేవాళ్ళ చేతిలో ఉంది. గూగుల్ పుట్టిందే ఆ ఆలోచన మీద. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ చెప్పిన పేజ్‌ర్యాంక్ ఏంటంటే, ఒక పేజీ విలువ దాన్ని చూపిస్తున్న మిగతా పేజీల్ని బట్టి తేలుతుంది, ఆ చూపించేవాళ్ళ విలువని బట్టి కూడా. ఇప్పుడు ఇంకా చాలా లెక్కలు కలిశాయి కానీ ఆ మూలం పోలేదు. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి తన గురించి తాను చెప్పుకున్నది ఎవరు పట్టించుకుంటారు, ఊళ్ళో నలుగుర్ని అడుగుతారు కదా, ఇదీ అంతే. కాబట్టి మీ కాలేజీ పూర్వ విద్యార్థుల పేజీలో, మీ వృత్తి సంఘం సభ్యుల జాబితాలో, మీరు మాట్లాడిన సభ తాలూకు పేజీలో మీ పేరు, పక్కన మీ సైటు లింకు ఉండేలా చూసుకోండి. అడిగితే పెడతారు, ఎవరూ అడగరు అంతే. డబ్బిచ్చి లింకులు కొనొద్దు, అది గూగుల్ నియమాలకి విరుద్ధం, దొరికితే ఉన్నదీ పోతుంది.

నాకు బాగా కలిసొచ్చింది మాత్రం రాతలు. పల్నాడు వైపు నల్లరేగడి నేలల్లో ఇల్లు కట్టేవాళ్ళు అందరూ ఒకటే అడుగుతారు, గోడలు ఎందుకు పగులుతున్నాయి అని. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, పైపైన పునాది వేస్తే అది కూడా మట్టితోపాటు లేస్తుంది, దిగుతుంది. అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతు పునాది స్తంభాలు, ఎప్పుడు వేయాలి, మట్టి పరీక్ష చేయించకుండా పిల్లర్ల సైజు ఎందుకు చెప్పకూడదు, ఇలాంటివి మామూలు తెలుగులో, ఎవరో ఎదురుగా కూర్చుని అడిగినట్టు రాశాను. వాటిని జనం వాట్సాప్‌లో పంపుకున్నారు, ఇద్దరు ముగ్గురు తమ బ్లాగుల్లో లింకు ఇచ్చారు, ఆ రాతల వల్లే నా పేరు పేజీ కూడా పైకొచ్చింది. పేరు కోసం రాస్తే పేరు రాదేమో గానీ, పని గురించి రాస్తే వెనకే పేరు వస్తుంది.

తెలుగు లిపి సంగతి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లీషు అక్షరాల్లో మీ పేరుకి పోటీ ప్రపంచమంతా ఉంటుంది, తెలుగు అక్షరాల్లో చాలా తక్కువ. పైగా ఇప్పుడు మా అత్తయ్య లాంటి వాళ్ళు కూడా మైకు నొక్కి తెలుగులో చెప్పి వెతుకుతున్నారు. మీ పేజీలో, లింక్డిన్ పరిచయంలో, స్కీమాలో పేరు తెలుగులో కూడా రాయండి, పేపర్లు ఎలా రాస్తాయో అలాగే, ఇంటిపేరు ముందు. అయితే ఒక గొయ్యి ఉంది. మన ప్రెస్సుల్లో డీటీపీ చేసేవాళ్ళు చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలోనే కొడతారు. ఆ ఫైలుని పీడీఎఫ్ చేసి నెట్‌లో పెడితే కంటికి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నవి మాత్రం తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు గుర్తులకి తెలుగు రూపం తొడిగారంతే. మా సంఘం ప్రత్యేక సంచికలో నా వ్యాసం ఫోటోతో సహా వచ్చింది, నెట్‌లో పెట్టారు కూడా, కానీ వెతికితే దొరకదు. అనుమానం ఉంటే మీ పేరు ఆ పీడీఎఫ్‌లోంచి కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి, పిచ్చి గుర్తులు వస్తే అది వెతుకులాటకి అందనట్టే. అదే వ్యాసాన్ని యూనికోడ్‌లో, అంటే ఫోన్లో మనం మామూలుగా కొట్టే అసలు తెలుగు అక్షరాల్లో, కొట్టి మీ సైట్‌లో కూడా పెట్టుకోండి. ఫ్లెక్సీల ఫోటోల్లో ఉన్న పేరు కూడా అంతే, దాని కింద ఒక లైను టైపు చేయాలి.

అదే పేరున్న వాడు కేసుల్లో ఇరుక్కుంటే? నాకు అయ్యింది. ఎక్కడో ఒక శ్రీనివాసరావు చిట్టీల డబ్బుతో పరారయ్యాడని పేపర్లో వచ్చింది, మా బావమరిది ఫోన్ చేసి "బావా, ఇది నువ్వు కాదు కదా" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు, కానీ నాకు పనిచ్చేవాళ్ళు నవ్వరు కదా. ఆ వార్త నిజమే, నా గురించి కాదు, కాబట్టి తీయించలేం. చేయగలిగిందల్లా మీ ఫోటో, ఊరు, పని స్పష్టంగా కనిపించేలా చూసుకోవడం, చూడగానే వేరే మనిషని తెలిసేలా. వచ్చింది మీ గురించే అయితే, తీయించాలని హడావుడి చేసే ముందు ఒకసారి స్పెయిన్ కేసు గుర్తుచేసుకోండి. మారియో కోస్తేహా గోంజాలెజ్ అనే ఆయన 1998 నాటి ఒక వేలం ప్రకటన తన పేరు కింద రాకూడదని పోరాడి 2014లో యూరప్ కోర్టులో గెలిచాడు. గెలిచాక ఆ వేలం సంగతి ప్రపంచమంతా తెలిసింది, ఇదిగో గుంటూరులో నేను కూడా చెప్తున్నాను. మీ ఫోన్ నంబరో ఇంటి అడ్రసో బయటికొచ్చి ఉంటే మాత్రం వదలొద్దు, ఫలితాల్లోంచి తీయమని అడగడానికి గూగుల్‌లోనే ఫారం ఉంది.

ఇప్పుడు ఏఐ జవాబులు పైన వస్తున్నాయి కదా, అవి ఒకే పేరున్న ఇద్దరిని కలిపి ఒకే మనిషిని చేసేస్తుంటాయి. అప్పుడప్పుడు మీ పేరు, పని, ఊరు కొట్టి అది ఏం చెప్తోందో చదవండి. దానికి మందు కూడా పైన చెప్పిందే, అన్ని చోట్లా ఒకే పేరు, ఒకే వివరాలు.

"మొదటి పేజీ గ్యారంటీ" అని ఫోన్లు వస్తాయి మీకు, డొమైన్ కొన్న వారంలోనే. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సైట్‌లోనే రాసి పెట్టింది, ఆ మాట చెప్పి పెట్టేయండి. ఆ డబ్బుతో డొమైన్‌ని కొన్నేళ్ళకి ఒకేసారి రెన్యూవల్ చేసుకోండి, ఎందుకంటే గడువు దాటిన డొమైన్లని కాచుకుని కొనేవాళ్ళు ఉంటారు, మీ పేరు మీద బెట్టింగ్ యాప్ ప్రకటనలు వస్తే అప్పుడు ముందు వచ్చినా లాభం లేదు.