బోల్టులు, వెల్డు సరిపోయాక గసెట్ ప్లేటు మందం ఎందుకు పెంచమంటారు?

షెడ్డు బ్రేసింగ్‌కి (గాలికి షెడ్డు ఊగకుండా ఏటవాలుగా వేసే పైపులు) 10 మి.మీ. గసెట్ (ఆ పైపుని కాలమ్‌కి కలిపే ప్లేటు) పెట్టారు, బోల్టులూ వెల్డూ లెక్కకు నిలిచాయి, అయినా చెక్ చేసే ఇంజినీరు 16 మి.మీ. పెట్టమంటున్నాడు, స్టీలు దండగ కదా అని మీ ప్రశ్న. దండగ కాదండీ. మీరు ప్లేటు తెగుతుందా లేదా అని చూశారు, ఆయన వంగుతుందా లేదా అని చూస్తున్నాడు. గాలి దిశ మారితే ఆ పైపు బ్రేసే ప్లేటుని నొక్కుతుంది మరి.

నేను లెక్క వేసే పద్ధతి చెప్తాను. ఒకే వరసలో 60 మి.మీ. పిచ్‌తో (బోల్టుకీ బోల్టుకీ మధ్య దూరం) నాలుగు బోల్టులు అనుకోండి. మొదటి బోల్టు నుంచి లోడు రెండు పక్కలా 30 డిగ్రీల చొప్పున విచ్చుకుంటుంది. చివరి బోల్టు దగ్గర వెడల్పు సుమారు 208 మి.మీ. (విట్‌మోర్ వెడల్పు అంటారు). 250 గ్రేడు (చదరపు మి.మీ.కి 250 న్యూటన్ల దగ్గర సాగడం మొదలయ్యే) స్టీలైతే లాగుడులో 10 మి.మీ. ప్లేటు 470 కిలోన్యూటన్ల దాకా తట్టుకుంటుంది. అక్కడి నుంచి కాలమ్ దాకా 250 మి.మీ. ఖాళీ ప్లేటు ఉంటే, పైపు చివరి ప్లేటు గసెట్‌కి ఒక పక్కనే ఆని ఉంటే, జాయింటు పక్కకి ఊగుతుంది. అందుకే నేను కె విలువ (వంగుడు లెక్కలో ఖాళీ పొడవుని గుణించే అంకె) 1.2 తీసుకుంటాను. మన స్టీలు డిజైన్ కోడ్ ఐఎస్ 800:2007లో వంగుడుకి ఇచ్చిన సి కర్వ్‌తో నొక్కుడులో వచ్చేది 210 చిల్లర కిలోన్యూటన్లు. సగం కూడా లేదు! అదే 16 మి.మీ. పెడితే 530 దాకా వెళ్తుంది.

గసెట్ పలచనైతే ఏమవుతుందో చూడండి: 2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యు వంతెన కూలి 13 మంది పోయారు. యు10 అనే జాయింటు దగ్గర గసెట్ల మందం అర అంగుళమే, ఉండాల్సిన మందంలో సగం. నొక్కుడులో ఉన్న డయాగ్నల్ (ఏటవాలు కడ్డీ) పైకొన పక్కకి జరిగిపోయింది. 2003లో తీసిన ఫొటోల్లోనే ఆ ప్లేట్లు వంగి కనిపిస్తాయి, ఎవరికీ పట్టలేదు.

మందం పెంచడమొక్కటే దారి కాదు. నేను చూసిన షెడ్డు డ్రాయింగుల్లో ఎక్కువగా తప్పు పొడవు దగ్గరే ఉంటుంది: స్పానర్ తిరగాలని ఫ్యాబ్రికేటర్లు పైపుని మూల నుంచి దూరంగా ఆపేస్తారు. ఒక షెడ్డులో పైపుని లోపలికి జరిపించి, ప్లేటు ఖాళీ అంచుకి స్టిఫెనర్ (వంగకుండా అడ్డంగా వెల్డు చేసే పట్టీ) వేయిస్తే 10 మి.మీ.తోనే సరిపోయింది. అయితే వెల్డింగు కూలి కలిపితే మందం ప్లేటే చవక కావచ్చు, మీ ఫ్యాబ్రికేటర్ని అడగండి. మీ డ్రాయింగులో చివరి బోల్టు నుంచి కాలమ్ దాకా దూరమెంతో పెడితే లెక్క చూసి చెప్తాను.