నమూనా తీసిన గంట కూడా రాసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

ఎలుకల కాలేయంపై ఒక మందు ప్రభావాన్ని పరిశీలించబోతున్నానని, మొదలుపెట్టే ముందు ఏమైనా చెప్పమని అడిగావు. నోటుపుస్తకంలో బరువు, వయసు, మోతాదు రాసే గడుల పక్కనే నమూనా తీసిన సమయానికీ ఒక గడి గీసి, దానిని నిమిషాలతో సహా నింపు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మందు ఇవ్వని ఎలుకల రక్తాన్ని ఉదయమే తీసేసి, మందు ఇచ్చిన వాటి వంతు వచ్చేసరికి సాయంత్రం చేశాను. రెండో గుంపులో కార్టికోస్టెరాన్ అనే ఒత్తిడి హార్మోను ఎన్నో రెట్లు కనిపించగానే మందు పనిచేసిందని సంబరపడ్డాను. ఎలుక రాత్రిపూట తిరిగే జంతువు కనుక, దీపాలు ఆరే వేళకు ఆ హార్మోను దానిలో సహజంగానే పెరుగుతుంది; మనిషిలో దానికి సాటి అయిన కార్టిసాల్ నిద్ర లేచే వేళకు హెచ్చి అర్ధరాత్రి ప్రాంతంలో అడుగంటినట్టే. నేను కొలిచింది మందును కాదు, గడియారాన్ని. నాలుగు నెలల శ్రమ వృథా అయింది.

జన్యువుల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. కణంలో క్లాక్, బీమాల్1 అనే ప్రోటీన్లు జంటకట్టి పీరియడ్, క్రిప్టోక్రోమ్ జన్యువులను పనిలోకి దింపుతాయి. వాటి నుంచి తయారైన ప్రోటీన్లు పోగుపడి, కేంద్రకంలోకి తిరిగి వచ్చి, తమ పుట్టుకకు కారణమైన ఆ జంటనే అణచివేస్తాయి. అవి క్రమంగా నశించాక జంట మళ్లీ పని అందుకుంటుంది. ఈ చుట్టు తిరగడానికి సుమారు 24 గంటలు పడుతుంది. 1971లో కొనోప్కా, బెంజర్ అనే శాస్త్రవేత్తలు ఒకే జన్యువులోని మార్పుల వల్ల పండ్ల ఈగల దినచర్య ఒక రకంలో 19 గంటలకు కుదించుకుపోవడాన్ని, మరో రకంలో 28 గంటలకు సాగడాన్ని, ఇంకొక రకంలో లయే లేకపోవడాన్ని చూపారు. దానిని అణుస్థాయిలో వివరించిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు నోబెల్ 2017లో గానీ రాలేదు. ఈ జంట కాలేయంలో ఇంకా అనేక జన్యువులను నడిపిస్తుంది కనుక, ఒక్క వేళ తీసిన నమూనాతో ఏ జన్యువు పెరిగిందనీ తగ్గిందనీ తేల్చకు. నాలుగు గంటలకొకసారి చొప్పున, వీలైతే రెండు రోజులపాటు తియ్యి.

మేత వేళలనూ నమోదు చెయ్యి. మెదడులోని ప్రధాన గడియారం కంటి ద్వారా వచ్చే వెలుతురును అనుసరిస్తుంది కానీ, కాలేయం తిండిని అనుసరిస్తుంది. ఎలుకలకు పగలు మాత్రమే మేత పెడితే కొద్ది రోజులలో కాలేయం లయ తలకిందులవుతుంది, మెదడు మాత్రం మునుపటి లెక్కలోనే ఉంటుంది. గోడ గడియారాన్ని పక్కనపెట్టి, దీపం వెలిగిన క్షణాన్ని సున్నా గంటగా లెక్కించు. చీకటి వేళ నమూనా తీసేటప్పుడు మసక ఎర్ర దీపం వాడు.

ఎలుకల గది దీపాలను వెలిగించి ఆర్పే టైమరును మాత్రం ఎవరి మాట మీదా నమ్మవద్దు. దీపాలు ఆరాక ఆ గదిలో పది నిమిషాలు నిలబడి, తలుపు సందులోంచి వెలుతురు వస్తోందేమో స్వయంగా చూసి, ఆ తరువాత నాకు రాయి.