లింకు చేసే ముందు ఫైళ్ల తల చూడు

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పలాస జీడిపప్పు వ్యాపారులకి నీ లెక్కల ప్రోగ్రాం పెన్‌డ్రైవుల్లో ఇస్తానన్నావు. అందులో జీపీఎల్ కోడ్ ఉంది, దానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని లింకు చేస్తున్నావు, అంటే జతచేస్తున్నావు. జీపీఎల్ అంటే, ప్రోగ్రాం పంచితే సోర్సు కోడ్ కూడా అవే షరతులమీద ఇవ్వాలనే లైసెన్సు. నీ దగ్గరే నడుపుకున్నంతకాలం అది నిన్నేమీ అడగదు. కాపీ ఇంకొకరి చేతికెళ్లిన నాటినుంచే అడుగుతుంది.

ముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, అదే నెట్‌లో వెళ్లే సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఆ లైబ్రరీ, ఏ వెర్షనో చూడు. 1.1.1 వరకూ పాత లైసెన్సు. ప్రకటనల్లో తమ పేరు వెయ్యాలన్న షరతుంది అందులో. జీపీఎల్ తనలో లేని షరతుని ఒప్పుకోదు, అందుకే దాంతో పొసగదు. 2021 సెప్టెంబరులో వచ్చిన 3.0 నుంచి అపాచీ 2.0 లైసెన్సు. అది జీపీఎల్ 3తో కలుస్తుంది, 2తో కలవదు.

ఇప్పుడు నువ్వు బయటినుంచి తెచ్చుకున్న జీపీఎల్ కోడ్. లైసెన్సు ఫైలు చూసి సరిపెట్టుకోకు, అందులో ఉండేది లైసెన్సు పాఠమే. ‘వెర్షన్ 2, లేదా ఆ తర్వాతిది’ అన్న ముక్క సాధారణంగా ఒక్కో సోర్సు ఫైలు తలమీద ఉంటుంది. అది ఉంటే 3 కింద పంచేయొచ్చు. ‘2 మాత్రమే’ అని ఒక్క ఫైల్లో ఉన్నా చాలు, 3కి దారి మూసుకుపోతుంది.

ఆపరేటింగ్ సిస్టంతోపాటే వచ్చే సిస్టం లైబ్రరీలకి మినహాయింపు ఉంది కదా అంటావేమో. ఉంది, జీపీఎల్ 2 మూడో సెక్షన్లో. కానీ ఆ లైబ్రరీని ప్రోగ్రాంతోపాటు నువ్వే ఇస్తే చెల్లదు. విండోస్‌కైతే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ఫైలు (డీఎల్‌ఎల్) నువ్వే పక్కన పెట్టి ఇస్తావు, దొరికిపోయేది అక్కడే. లైబ్రరీని ప్రోగ్రాంలోనే కలిపెయ్యకుండా, నడిచేటప్పుడు పిలిచే డైనమిక్ లింకైతే ఫర్వాలేదన్న మాట కూడా నమ్మకు. జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ (ఎఫ్‌ఎస్‌ఎఫ్) దృష్టిలో రెండు రకాల లింకూ ఒకటే.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో లింకు చేసుకోవచ్చని లైసెన్సుకి అదనంగా ఓ అనుమతి రాయొచ్చు. నీ సొంత కోడైతే ఇవాళే రాసెయ్. పరాయి కోడైతే హక్కులున్న ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. పదేళ్ల కిందట ప్యాచ్ పంపి మాయమైనవాణ్ణి ఎక్కడ వెతుకుతావు? అంతకంటే లైబ్రరీ మార్చుకోవడం తేలిక. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి పనే చేసే గ్నూటీఎల్‌ఎస్, జీపీఎల్‌కంటే సడలింపున్న ఎల్‌జీపీఎల్ 2.1 కిందుంది. అది ఆధారపడే నెటిల్, జీఎంపీ లైబ్రరీలు ఎల్‌జీపీఎల్ 3 అయినా, జీపీఎల్ 2 కింద కూడా తీసుకోవచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. లిబ్‌సోడియం అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీది పెద్దగా షరతుల్లేని ఐఎస్‌సీ లైసెన్సు, దేనితోనైనా కలుస్తుంది. కాకపోతే టీఎల్‌ఎస్, అంటే నెట్‌లో రెండు కంప్యూటర్లు గుప్తంగా మాట్లాడుకునే పద్ధతి, అది చెయ్యదు.

దొడ్డిదారిన వచ్చేవి ఇంకో తలనొప్పి. నెట్‌నుంచి డేటా తేవడానికి నువ్వు కర్ల్ లైబ్రరీని పిలుస్తావు, అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని వెంటబెట్టుకొస్తుంది. డెబియన్ లినక్స్‌లో గ్నూటీఎల్‌ఎస్‌తో కట్టిన కర్ల్ వేరే ప్యాకేజీగా దొరుకుతుంది, అది వాడు.

సోర్సు కూడా అదే పెన్‌డ్రైవులో వేసెయ్. లేకపోతే జీపీఎల్ 2 ప్రకారం, అడిగినవాళ్లకి ఇస్తానని మూడేళ్లు చెల్లేలా రాసివ్వాలి. అంత లంపటం నీకెందుకు?

లినక్స్ బిల్డుమీద ఎల్‌డీడీ కమాండ్ కొట్టి, వచ్చిన లైబ్రరీల జాబితా నాకు పంపు. పంచడం అంతవరకూ ఆపు.

ఇట్లు
మామయ్య